ఒక్క బటన్

అద్దం తలుపును భుజంతో ఒక్క తోపు తోసి లోపలికి వచ్చాడు ఆ పెద్దాయన. తలుపు వెళ్లి గోడకి ఠపీమని కొట్టుకుంది.

"ఈ యాప్ చేసిన మహానుభావులెవరు?" అన్నాడు అందరికీ వినబడేలా.

వారపత్రిక ఆఫీసులో ఉన్న పదిమందీ తలలెత్తారు. మేనేజరమ్మ కుర్చీలోంచి లేచింది. ఆవిడ ఇక్కడ చేరి ఏడాదే అయింది. ఈ శుక్రవారంతో అచ్చు ప్రతి ఆగిపోతుంది. ఆ తర్వాత ఎవరైనా ఆవిడ చేయించిన యాప్‌లోనే చదవాలి.

ఆ గొంతు ఆవిడకి తెలుసు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి సతాయించేది ఈయనే.

"నేనే సార్. చెప్పండి," అంటూ చెయ్యి చాపింది.

చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. పెద్దాయన రెండు చేతులూ ప్యాంటు జేబుల్లోనే ఉన్నాయి.

ఎంత పొగరు అనుకుంది.

"అక్షరాలు చీమల్లా ఉన్నాయి," అన్నాడాయన.

"జూమ్ చేసుకోండి సార్. రెండు వేళ్లతో ఇలా సాగదీస్తే చాలు. మూడేళ్ల పిల్లలు కూడా చేసేస్తున్నారు." ట్యాబ్ ఆయన ముందుకి తోసింది. "ఏదీ, చేసి చూపించండి."

"నువ్వే చెయ్యమ్మా. నేను చదువుతాను."

చేసింది. అక్షరం పెద్దదైంది. లైనులో సగం తెర దాటి బయటికి పోయింది.

"కుడిపక్కకి జరుపు."

జరిపింది.

"ఇప్పుడు ఎడమపక్కకి. కింది లైను."

జరిపింది. ఏ లైనులో ఉన్నారో ఇద్దరికీ అంతుపట్టలేదు. ఇంకాస్త జరిపితే పేజీయే తిరిగిపోయింది. కొత్త పేజీలో అక్షరాలు మళ్లీ చీమలయ్యాయి.

"ఇదీ వరస! ఒక్క కథ చదవడానికి నలభైసార్లు లాగాలి, పీకాలి. అచ్చు పుస్తకం ఏనాడైనా ఇంత ఏడిపించిందా? మీలో ఒక్కరైనా ఇందులో ఒక కథ చివరిదాకా చదివారా?"

ఎవరూ చదవలేదు. అందుకే మేనేజరమ్మకి ఒళ్లు ఇంకా మండింది.

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఒక్క బటన్ పెట్టండి. నొక్కితే అక్షరం పెద్దదవ్వాలి. లైను తెర దాటి పోకూడదు. పేజీ తిప్పినా అక్షరం పెద్దగానే ఉండాలి. అంతే."

"బటన్ పెడితే పేజీ అందం పోతుంది సార్."

"అందమా! చదవడానికి పనికిరాని అందం ఎందుకమ్మా, గోడకి తగిలించుకోవడానికా?"

"రెండు వేళ్ల పని సార్ ఇది! దీనికింత రాద్ధాంతమా? ఇంట్లో ఎలా చదువుతున్నారు మరి?"

ఆయన గొంతు తగ్గింది.

"మా ఆవిడ జరుపుతుంది, నేను చదువుతాను. పాపం, ఎంతసేపని నా పక్కన కూర్చుంటుంది? అచ్చు పుస్తకమైతే నా తిప్పలేవో నేనే పడేవాణ్ణి. ఒకరి మీద ఆధారపడకుండా చదువుకోవడం శుక్రవారంతో సరి."

అంతే, మేనేజరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ ఇంట్లోనూ ఒక మొగుడున్నాడు. మంచినీళ్ల గ్లాసు కూడా చేతికందివ్వాలి.

"దొరగారికి పేజీ కూడా పెళ్లామే తిప్పాలన్నమాట! ముందు ఆ జేబుల్లోంచి చేతులు బయటికి తియ్యండి సార్. యాప్ దానంతటదే బాగుపడుతుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు.

పెద్దాయన మొహం కందిపోయింది. జేబుల్లో చేతులు కదిలాయి గానీ బయటికి రాలేదు.

"నా ఒక్కడి కోసమే అడుగుతున్నాననుకోకు. నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు," అన్నాడు. "నా చందా తీసెయ్యండి."

వచ్చినట్టే తలుపును భుజంతో తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆవిడ కోపం చల్లారలేదు. ఫిర్యాదు కింద 'వాడటం చేతకాదు' అని రాసింది. ఆయన పేరు, ఫోన్ నంబరు, చిరునామా అన్నీ జాబితాలోంచి తుడిచి పారేసింది. పీడా విరగడైంది అనుకుంది.

శుక్రవారం ఆఖరి సంచిక అచ్చయింది. అచ్చుగది ఫొటో ఒకటి యాప్‌లో పెడదామని మేనేజరమ్మ కిందికి దిగింది. ముసలి బైండరు కాగితాల కట్టలు కోసే కటింగ్ మిషన్‌ని గుడ్డతో తుడుస్తున్నాడు. సోమవారం దాన్ని పాత ఇనుము వాళ్లు పట్టుకుపోతారు.

మిషన్‌కి ఆ చివరొక ఎర్ర బటన్, ఈ చివరొక ఎర్ర బటన్.

"రెండెందుకు?" అంది ఆవిడ.

"రెండూ ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది మేడమ్. చేతులు రెండూ బటన్ల మీదే ఉండాలి, కత్తి కింద పెట్టడానికి కుదరదు. ఇవి వచ్చి ఇరవై ఆరేళ్లు. ఇక్కడ ఎవరికీ గోరు కూడా తెగలేదు."

"మిషన్‌తోనే వచ్చాయా?"

"ఎక్కడ! మొదట్లో కాలితో తొక్కే పెడలే ఉండేది. నాకంటే ముందు దీని మీద ఒక మొండి మనిషి పనిచేశాడు. ఇవి పెట్టేదాకా ఓనరు గది ముందునుంచి కదల్లేదు. తిట్టినా పోలేదు, గెంటినా పోలేదు. మొన్న మీ దగ్గరికి వస్తూ కూడా దీని ముందు కాసేపు నిలబడ్డాడు."

ఫొటో తీయబోతున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఎవరు? ఆ... జేబుల్లో చేతులు పెట్టుకుని..."

"ఆయనే."

"ఎక్కడుంటారాయన?"

"మీ చందాదారుడేగా మేడమ్. అడ్రసు మీ దగ్గరే ఉంటుంది."

ఆవిడ ఫొటో తీయకుండానే ఫోన్ దించేసింది.

బైండరు గుడ్డ పక్కన పెట్టి, తన రెండు చేతుల వేళ్లూ ఆవిడ ముందు చాపి అన్నాడు: "ఆయనవి పదీ ఈ కత్తి కింద పోయాకే మేడమ్, నాకు ఈ పదీ మిగిలాయి."