మొదటి జావ ఎవరిది

సమాధి పక్కన పెట్టిన ముంతను రొగాటస్ కాలితో తోశాడు. బార్లీ జావ రాతిమీద ఒలికి, అతని కాలివేళ్లకూ అంటింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? మొదటి జావ పోసేది రక్తసంబంధం ఉన్నవాళ్లు."

ముసలమ్మ ఇజెల్తా ఒలికిన జావను అరచేత్తో ముంతలోకి ఎత్తుకుంటోంది. ఒకప్పుడు రొగాటస్ తండ్రి పొలంలో బానిస ఆమె. ఇప్పుడు నూనెగానుగ చూరు కింద బతుకుతోంది.

ఆ సమాధి రొగాటస్ కవల తమ్ముడు గెమెల్లస్‌ది. పాత చక్రవర్తి రోజుల్లో క్రీస్తును కాదనమంటే అనలేదని తల తీసేశారు. అప్పుడు చెరసాల వైపు తొంగిచూడని ఉత్తర ఆఫ్రికాలోని ఆ నుమిడియా ఊరు ఇప్పుడు పిల్లలకు ఆయన పేరే పెట్టుకుంటోంది.

ఏటా, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన ఆ హతసాక్షి పండుగనాడు జావ, ద్రాక్షరసం తెచ్చి సమాధి రంధ్రంలో పోస్తారు. ముందు పోసేది అయినవాళ్లు. చనిపోయాక ఆయన కాళ్ల దగ్గర పూడ్చేదీ వాళ్లనే.

"ఆయన ఆవిడ కొడుకే అంటారు కదయ్యా," అంది నూనె అమ్మే నొన్నిక. "చెరసాలకు కూడు మోసింది ఆవిడేగా."

"నోరు జాగ్రత్త. మాది రోమన్ వంశం. పట్టణ సభలో కూర్చునేవాళ్లం. వాడు బానిసదాని కొడుకైతే, వాడితోపాటు పుట్టినవాణ్ణి నేనేమవుతాను?"

"మరి ఆ రోజుల్లో మీ ఇంటి తలుపులు ఎందుకు మూసున్నాయో."

రొగాటస్ తల దించుకున్నాడు. ఆ మాట ఎవరన్నా అతనికి ప్రాణం చచ్చిపోతుంది.

బిషప్పు ముందుకొచ్చాడు. "అవ్వా, ఈ తగువు ఇవాళ తేలిపోవాలి. సమాధి మీద చెయ్యేసి చెప్పు. ఇక్కడ అబద్ధమాడితే దేవుడు కూడా క్షమించడు. ఈ గెమెల్లస్ నీ కొడుకా?"

ఇజెల్తా చెయ్యేసింది. రాతిని నిమిరింది. తలెత్తి రొగాటస్ వైపు చూసింది.

"కాదయ్యా. నా కొడుకు కాదు."

"మరి చెరసాల దగ్గర తల్లినన్నావట?"

"అయినవాళ్లయితేనే లోపలికి పంపుతామన్నారు. పాపం, ఆ అబ్బాయి ఆకలితో ఉన్నాడు. అబద్ధమాడాను."

"ఇన్నేళ్లూ మమ్మల్ని వెర్రివాళ్లను చేశావన్నమాట," అని నొన్నిక మొహం తిప్పుకుంది.

రొగాటస్ గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. ద్రాక్షరసం కూజా అందుకున్నాడు.

"బాబూ, ఒక్క మాట..."

"బాబూ ఏంటి? దొరా అను."

"దొరా. దగ్గితే రక్తం పడుతోంది. ఇంక ఎన్నాళ్లో ఉండను. ఆయన కాళ్ల దగ్గర వద్దులే. ఆ గోడవారన కాస్త చోటిప్పిస్తే చాలు."

"అది అయినవాళ్ల చోటు. ఇప్పుడేగా కాదన్నావు?"

"అవును దొరా, నిజమే," అని ముంత తీసుకుని వెళ్లిపోయింది.

ద్రాక్షకోతలు మొదలవకముందే చనిపోయింది. బానిసలను పూడ్చే రాళ్లగుట్టలో పూడ్చారు.

మంచం పట్టిన తల్లి కాసియాకు రొగాటస్ ఆ కబురు తీసుకెళ్లాడు.

"ఇజెల్తా పోయిందమ్మా. ఏమైనా మన పరువు కాపాడి పోయింది. సమాధి మీద చెయ్యేసి, గెమెల్లస్ తన కొడుకు కాదని చెప్పింది."

"సమాధి మీదా?" కాసియా మోచేతి మీద లేవబోయింది. "ఎక్కడ పూడ్చారు?"

"రాళ్లగుట్టలో."

"వాడి దగ్గర కాదా?"

"చోటు అడిగింది. నేనే ఇవ్వనన్నాను."

కాసియా దుప్పటి మొహం మీదికి లాక్కుంది. లోపలినుంచి ఏడుపు వినిపించింది. "ఎన్నటికీ చెప్పనని నాకు మాటిచ్చింది. చెరసాల గుమ్మం దగ్గర ఒక్కసారే తప్పింది."

రొగాటస్ మంచం మీదికి వంగాడు. "అంటే అక్కడ చెప్పిందే నిజమా? గెమెల్లస్ ఆవిడ కొడుకా?"

దుప్పటి కింద ఏడుపు ఎక్కువైంది. ఒలికిన జావను ఎత్తుకుంటున్న ఆ అరచెయ్యి అతనికి కళ్ల ముందు కదిలింది. తన కాలు చూసుకోవడానికే సిగ్గేసింది. "మరి సమాధి మీద ఎందుకమ్మా కాదంది?"

"వాడొక్కణ్ణే కని ఉంటే," అంది కాసియా, "నిజమే చెప్పేది నాయనా."