అర మార్కు జాకీ

అర మార్కు తగ్గింది. వరుసగా ఇది నాలుగో ఏడు.

హెడ్లీ ప్రౌస్‌కి చెందిన 1927 నాటి కాలిస్టన్ కారులో వంక పెట్టడానికి ఏమీ లేదు. సీటు తోలు దగ్గర్నుంచి చక్రం చువ్వల దాకా అన్నీ ఆనాటివే. అయినా పాతకార్ల క్లబ్బు న్యాయనిర్ణేత ట్రెగీర్, తెల్లటి చేతితొడుగులతో పనిముట్ల పెట్టె తెరిచి, జాకీని ఒక్క చూపు చూసి పెదవి విరిచాడు.

“ఇది 1934 జాకీ అండీ ప్రౌస్ గారూ. కారుతో వచ్చింది కాదు.”

“కారుని లేపుతుంది కదండీ!”

“లేపడానికి నలుగురు మనుషులున్నా చాలు. అసలుదా కాదా అన్నదే నాకు కావాలి.”

కప్పు మళ్లీ పోటీదారు గైల్స్ పెన్‌రోజ్ పట్టుకుపోయాడు. పోతూ పోతూ, “దార్లో టైరు పంక్చరైతే కబురు పెట్టు హెడ్లీ, నా జాకీ అరువిస్తా” అని చురక కూడా అంటించాడు.

హెడ్లీ పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లలో ఒక్క ఉత్తరం కూడా తప్పుడు ఇంటికి పంపి ఎరగడు. అలాంటివాడి కారులో తప్పుడు జాకీ! అతనికి తిండి సయించలేదు. కార్న్‌వాల్ అంతటా పాత ఇనుము కొట్లు గాలించాడు. కాలిస్టన్ జాకీ ఎక్కడా లేదు.

నవంబరులో క్లబ్బు పత్రిక ఆఖరి పేజీలో రెండు లైన్ల ప్రకటన కనిపించింది. ‘పోయిన మా ఆయన షెడ్డు ఖాళీ చేస్తున్నాను. పాత సామాను. లవ్‌డే.’

లవ్‌డే ఎనభై ఏళ్ల ముసలావిడ. బాడ్మిన్ ఊరు దాటాక ఓ బురద దారి చివర ఆమె ఇల్లు. షెడ్డులో విరిగిన రంపాలు, సొట్టపడిన కెటిళ్లు తప్ప ఏమీ లేవు. హెడ్లీ ఉసూరుమంటూ బయటికొచ్చాడు. అప్పుడు చూశాడు. కోళ్ల గూటి తలుపు పడిపోకుండా అడ్డంగా పెట్టి ఉంది, తుప్పుతో, రెట్టతో గడ్డకట్టిపోయిన కాలిస్టన్ జాకీ.

మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. ముందు ఓ సొట్ట కెటిల్ బేరమాడాడు. తర్వాత మాటవరసకన్నట్టు అడిగాడు.

“ఆ ఇనుప ముక్క కూడా ఇచ్చేస్తారా అమ్మా?”

“అదా? అదేంటో కూడా నాకు తెలీదు నాయనా. తీస్తే తలుపు పడిపోతుంది, నక్క దూరుతుంది.” ముసలావిడ కళ్లు ఒత్తుకుంది. “మా ఆయన తన చేత్తో పెట్టిన ఆఖరి వస్తువది.”

హెడ్లీ జేబులో ఉన్న నోట్లన్నీ తీసి ఆమె చేతిలో పెట్టేశాడు. అవి భార్యతో లిస్బన్ వెళ్లడానికి దాచినవి.

“కొత్త తలుపు చేయించుకోండమ్మా” అన్నాడు.

ఏమీ తెలియని ముసలిదాన్ని మోసం చేశానేమోనని దారి పొడవునా మనసు పీకుతూనే ఉంది. అయినా జాకీని పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టడం మరిచిపోలేదు.

భార్య మోర్వెన్నా ఆ ముద్దను చూసింది, వాసన చూసింది, ముక్కు మూసుకుంది.

“సెలవలకి లిస్బన్ అన్నావు. కోళ్ల గూడు ఇంటికే వచ్చిందే!”

చలికాలమంతా వంటింటి బల్ల ఆమెకి దక్కలేదు. ఆదివారం మాంసం వేపే పళ్లెంలో జాకీ కిరోసిన్ తాగుతూ కూర్చుంది. హెడ్లీ ఇనుప బ్రష్షుతో గీకాడు. పళ్ల సందుల్లో తుప్పుకి మోర్వెన్నా టూత్‌బ్రష్షు వాడాడు. అది అరిగాక తనది వాడాడు. మర బిగిసిపోయింది. రోజుకి వెంట్రుకవాసి చొప్పున తిరిగేసరికి ఫిబ్రవరి అయింది. మార్చిలో, తుప్పు పొర కింద, అడుగున ‘27’ అని అచ్చు తేలింది. హెడ్లీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మన పెళ్లినాడు కూడా నువ్విలా ఏడవలేదు” అంది మోర్వెన్నా. అని, టార్చి తీసుకుని దగ్గరగా పట్టింది. రిటైరయ్యాక ఆయన పొద్దున్నే ఈలవేస్తూ లేవడం ఆమె చూడటం ఇదే మొదటిసారి. ఆ రాత్రి నుంచి టార్చి ఆమె డ్యూటీ అయింది. పిడి మూలన మిగిలిన గోరంత రంగు చూసి, నలుపూ కాని ముదురాకుపచ్చా కాని ఆ ఛాయ పదకొండోసారి కలిపి పట్టింది కూడా ఆమే.

జూన్‌లో పోటీ. సన్నటి తుంపర. ట్రెగీర్ పెట్టె తెరిచాడు. తడిగడ్డి మీద మోకాళ్లూనాడు. జాకీని రెండు చేతులా ఎత్తి, మర తిప్పి, భూతద్దంతో ‘27’ చూసి, చివరికి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఇది ఆనాటి ఇనుమండీ!” అన్నాడు జనమంతా వినేలా. “వందేళ్ల వయసు ఇనుములోనే తెలుస్తుంది. దాన్ని ఈ రోజుల్లో ఎవడూ పుట్టించలేడు. పూర్తి మార్కులు!”

చప్పట్లు. కప్పు చేతిలో పడగానే హెడ్లీ మైకు ముందు నిలబడి, ఆ ఏడు నెలల కష్టమంతా చెప్పాడు. మోర్వెన్నా పక్కన నిలబడి ముక్కు చీదింది.

ఈసారి అర మార్కు గైల్స్‌కి తగ్గింది. ఇంజను తిప్పే హ్యాండిల్ ఆ కాలంది కాదట.

“అది ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందండీ?” అన్నాడు గైల్స్ పాలిపోయి.

“వెతకండి” అన్నాడు ట్రెగీర్ చేతితొడుగులు విప్పుతూ. “మా పత్రిక చూస్తూ ఉండండి.”

చీకటి పడేవేళకి ట్రెగీర్ ఇల్లు చేరి, తడి టోపీ కొక్కేనికి తగిలించి, బల్ల ముందు కూలబడ్డాడు.

“ఒరేయ్, ఆ హ్యాండిల్‌నైనా వెనిగర్ తొట్టిలో మరీ అన్ని రోజులు నాననివ్వకురా, నువ్వు మూడు వారాల్లో పట్టించిన తుప్పు వదలగొట్టడానికి పాపం ఆ పెద్దమనిషికి ఏడు నెలలు పట్టింది” అంది లవ్‌డే, కొడుక్కి టీ పోస్తూ.