మారని అంకె

"ఐదింటి వరకే టైము, బావగారూ," అన్నాడు బావమరిది, అందరికీ వినబడేలా. "తెర మీద అంకె మారిందా, కుర్చీ మీది. మారలేదా, రేపటి నుంచి మీరు రానక్కర్లేదు."

గదిలో నలుగురూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు.

ఇరవై మూడేళ్లు లేత్ మిషన్ మీద ఇనుము చెక్కిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎనిమిది నెలలు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు. భార్య వెళ్లి తమ్ముడి కాళ్లావేళ్లా పడితే, వెబ్ పేజీలు తయారుచేసే ఈ ఆఫీసులో నెల రోజుల గడువు మీద కుర్చీ దొరికింది. ఆ గడువు ఇవాళ్టితో సరి.

పరీక్ష వినడానికి చిన్నదే. కింది అంతస్తులో కంటి ఆసుపత్రి ఉంది. అక్కడి హాల్లో తెర మీద రోగుల వంతు అంకె చూపించే పేజీని వాళ్లకి ఈ ఆఫీసే చేసిచ్చింది. దాని నకలు ఒకటి మేస్త్రికిచ్చారు. అందులో అంకె మారాలి, ఎర్ర రంగులోకి రావాలి, దాని కింద ఏదో ఒక వాక్యం పడాలి. అంతే.

"నిన్న నేను చూపించిన అసలువన్నీ మూసేసి, మొదటి నుంచి శుభ్రంగా తెరుచుకోండి." ఫోను చెవికి ఆనించుకుని బావమరిది వెళ్లిపోయాడు.

మేస్త్రి నకలు పేజీని తెర మీదికి తెచ్చుకున్నాడు. కోడు రాసే కిటికీ నిన్నటిదే తెరిచి ఉంది. దాన్ని మూయలేదు. బిగించి ఉన్న మిషన్‌ని విప్పి మళ్లీ బిగించేవాణ్ణి లేత్ షెడ్డులో పనివాడనరు.

పద్నాలుగు కొట్టేసి పదిహేను రాశాడు. పేజీలో పద్నాలుగే ఉంది.

"సేవ్ చేశారా అంకుల్?" పక్క సీటు అమ్మాయి తన తెర మీంచి కళ్లు తిప్పకుండానే అడిగింది.

"చేశానమ్మా."

"కామా ఏదైనా మింగేశారేమో."

"పొద్దుటి నుంచి అన్నమే మింగలేదు, కామా ఎక్కడ మింగను?"

ఆ అమ్మాయికి జాలేసింది. "ఈ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్ మొదట్లో అందరినీ ఇలాగే ఏడిపిస్తుందిలెండి. పెద్దక్షరం బదులు చిన్నక్షరం పడినా మాట్లాడదు. సర్వర్ ఆపి మళ్లీ మొదలెట్టకపోతే అలుగుతుంది. నెట్‌లో పాత వెర్షన్ పాఠం చూసి రాశామా, ఇక అంతే. నేను రెండు వారాలు బాత్‌రూమ్‌లో ఏడ్చాను."

మేస్త్రికి ఏడవడానికి రెండు వారాల్లేవు. రెండు గంటలున్నాయి.

పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేలు పెట్టి వెతికాడు. సర్వర్ ఆపి మొదలెట్టాడు. పాఠం ఏ వెర్షన్‌దో చూశాడు, కొత్తదే. రంగు ఎర్రగా మార్చాడు. పేజీలో నలుపే.

ఇనుమైతే తెగిందో లేదో వేలి కొసకి తెలిసేది. ఇక్కడ వేలికి తగిలేదేమీ లేదు.

మెట్ల మీంచి గోల వినబడుతోంది. కింద ఎవరో ఎవరినో నిలదీస్తున్నారు. ఆసుపత్రిలో గొడవ కొత్తా? లేచి తలుపు వేసొచ్చాడు.

నాలుగున్నర. పదిహేను కనబడకపోతే మానె, పెద్దదైనా కనబడి చావదా అని తొమ్మిది వందలు కొట్టాడు. సేవ్ చేశాడు. పద్నాలుగు.

"మా పనికి వంక పెట్టే పని లేదు డాక్టర్‌గారూ," బయట వరండాలో బావమరిది గొంతు ఖంగుమంది. "మీవాళ్లకి వాడటం రాదు. సరే సరే, నేనే వస్తున్నా." బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయింది.

ఎంత నమ్మకం వాడికి! ఒక్కసారైనా అంత గట్టిగా మాట్లాడాలని మేస్త్రికి అనిపించింది. ఫ్యాక్టరీలో మాట్లాడేవాడు కూడా.

ఫోను మోగింది. భార్య.

"ఏమైంది? అయిందా?"

"ఇంకా లేదు."

"ఏంటో మీరు! చిన్నపిల్లలు చేసేస్తున్నారట అవి. చూడండి, మీకు దండం పెడతాను, నలుగురిలో మా తమ్ముడి పరువు మాత్రం తీయకండి."

"నా పరువు సంగతో?"

ఆవిడ ఫోను పెట్టేసింది.

మేస్త్రి కుర్చీ ముందుకి లాక్కున్నాడు. చెవులు కాలుతున్నాయి. అంకె కింద ఒక వాక్యం పడాలన్నారుగా. ఏదో ఒకటి. పళ్లు బిగబట్టి, ఒక్కో మీటా గోరుతో పొడుస్తూ రాశాడు: పెత్తనం చేసే బావమరిది కన్నా తుప్పు పట్టిన లేత్ నయం.

చదువుకుంటే కాస్త ప్రాణం కుదుటపడింది. కనబడితేగా, ఎవడైనా చదవడానికి? సేవ్ కొట్టాడు.

పేజీలో పద్నాలుగు. నల్లగా. దాని కింద ఖాళీ.

గోడ గడియారం ఐదు చూపించింది. బావమరిది ఇంకా పైకి రాలేదు. ఆ మొహం చూడాల్సిన అవసరం లేకుండానే పోవచ్చు. మేస్త్రి సంచీ భుజాన వేసుకున్నాడు.

"రేపు చూద్దాం అంకుల్, నేను పక్కన కూర్చుంటా," అంది ఆ అమ్మాయి.

"రేపు లేదమ్మా నాకు."

ఇంట్లో ఏం చెప్పాలో ఒక్కో మెట్టుకీ ఒక్కో అబద్ధం కూర్చుకుంటూ దిగాడు. వీధిలోకి వెళ్లాలంటే ఆసుపత్రి హాలు దాటాలి. హాలు క్రిక్కిరిసి ఉంది. ఒక్కరూ కుర్చీలో లేరు. కంటికి కట్టున్న ముసలాయన కూడా మిగిలిన ఒంటికన్నుతో గోడకేసి చూస్తూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. డాక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన బావమరిది, సున్నం కొట్టినట్టు తెల్లబోయిన మొహంతో.

మేస్త్రి తలెత్తి చూశాడు.

గోడ మీది పెద్ద తెరలో, అడిగిన ఎర్ర రంగులో, ఒక్క అక్షరం పొల్లు పోకుండా వెలుగుతోంది అతని పని: వంతు తొమ్మిది వందలు, దాని కింద, పెత్తనం చేసే బావమరిది కన్నా తుప్పు పట్టిన లేత్ నయం.