తాళం పడ్డ సర్వర్

సర్వర్ గుర్రుమంటూ లేచింది. తెర వెలిగింది. పాస్‌వర్డ్ అడిగి అక్కడే భీష్మించుకు కూర్చుంది.

యాస్మిన్ గుండె జారిపోయింది. రేపు పొద్దున ఆమె కంప్యూటర్ సెంటర్‌కు మొదటి బ్యాచ్ అమ్మాయిలు వస్తున్నారు. వాళ్ల ముందుండే తెరలన్నీ నడవాల్సింది ఈ ఒక్క పెట్టెతోనే. హైదరాబాద్‌లో ఏదో కంపెనీ లీజు తీరాక వదిలించుకున్న సరుకది. కొత్తది కొనే తాహతు లేక, పాతదాన్నే చూసి, కావలసినంత మెమరీ, డిస్కులు వేయించుకుని మురిసిపోయింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది ఇప్పుడు.

అమ్మినవాడికి ఫోన్ చేసింది.

"తాళమున్నదని మాకు సుత ఎర్క లేదమ్మా. తీస్కరా, విప్పి తీసేస్త" అన్నాడు.

సకల జనుల సమ్మె. సిద్దిపేట డిపోలోంచి బస్సు కదిలితేనా తీసుకుపోవడానికి!

"ఫికర్ చెయ్యకు" అన్నాడు అన్న ముస్తఫా. "గీ దినాలల్ల ఎవడైన ఒక్కటే పెడ్తడు."

'జై తెలంగాణ' కొట్టాడు. తెరుచుకోలేదు. పెద్దక్షరాల్లో కొట్టాడు, చిన్నక్షరాల్లో కొట్టాడు, వెనక అంకెలు తగిలించాడు. ఉలుకూ పలుకూ లేదు. యాస్మిన్‌కు ఏడుపొక్కటే తక్కువ.

ఎదురుగా దీక్షా శిబిరంలో పొద్దటినుంచీ నినాదాలతో మైకు అరగదీస్తున్న సుధాకర్ అప్పుడే మంచినీళ్లకు వచ్చాడు. కండువాతో ముఖం తుడుచుకుంటూ సర్వర్ మీది కంపెనీ స్టిక్కర్ చూశాడు.

"అరె, గిది మా పాత ఆఫీసుదే! దీనికి తాళమేసిందే నేను."

యాస్మిన్‌కు ప్రాణం లేచివచ్చింది.

"జర ఇద్దరు అటు తిరుగుండ్రి" అని సుధాకర్ టకటకా కొట్టాడు. సర్వర్ బుద్ధిగా తెరుచుకుంది.

"రోజూ కొట్టాల్సింది నేనే గదన్నా, గా మాటేందో చెప్పు" అంది యాస్మిన్.

సుధాకర్ మెడలోని కండువా సర్దుకున్నాడు.

"ఆఫీసుల నా చుట్టు అందరు మనోళ్లే చెల్లె. మనసుల మాట పెడితె నిమిషంల పట్టేస్తరు. గందుకే మనోడెవ్వడు కలల సుత కొట్టని మాట పెట్టిన."

"ఏందది?"

అతను శిబిరం వైపు ఓసారి చూసి, తలుపు దగ్గరగా వేసి, గొంతు బాగా తగ్గించాడు.

"జై సమైక్యాంధ్ర."