ట్యాంకు మీద సిగ్నలు

ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టిందని జుబేదా బీ చెప్పింది. కాగితాలు లేనివాళ్లు జరిమానా కట్టకుండా, జైలుకు పోకుండా విమానం ఎక్కేయవచ్చట. పట్నంలో, రిగ్గైలో ఉండే ఆమె చెల్లెలికి ఎవరో చెప్పారట, ఆ చెల్లెలు జుబేదా బీకి చెప్పింది. పక్క తోటలో వంట చేసే జుబేదా బీ కంచె దగ్గర నిలబడి సంజీవమ్మ చెవిన వేసింది.

సంజీవమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఎగైలాలో ఇంటిపనికి చేరిన అరబ్బు యజమానురాలు, మామా ఇంటి నుంచి పారిపోయి, వఫ్రాలోని ఈ దోసకాయల తోటలో దాక్కుని ఆమెకు మూడేళ్లు. పాస్‌పోర్టు మామా బీరువాలోనే ఉంది. పైన పారిపోయిందని కేసు. తోటలో పనిచేసే బాలసుబ్బయ్యకూ పెంచల్‌కూ ఇంత వండిపెట్టి, తానింత తిని, రేకుల గదిలో పడి ఉంటుంది. కోడూరు దగ్గర పల్లెలో కూతుర్ని మూడేళ్ల పిల్లగా వదిలి వచ్చింది. మొన్న జుబేదా బీ ఫోను అడిగి తీసుకుని పలకరిస్తే, ఆ పిల్ల "ఎవురు మాట్లాడేది?" అని అడిగింది.

అయినా జుబేదా బీ మాట పట్టుకుని కదలడానికి లేదు. కిందటేడు ఇలాంటి మాటే విని పోలేరమ్మ అనే ఆవిడ మూటాముల్లె సర్దుకుని బయల్దేరింది. క్షమాభిక్షా లేదు, పాడూ లేదు. నేరుగా జైలు.

జుబేదా బీకి చదువు రాదు. సంజీవమ్మకూ రాదు, పెంచల్‌కూ రాదు. తోటలో చదువుకున్నవాడు బాలసుబ్బయ్య ఒక్కడే. కడపలో డిగ్రీ చేశాడు. పెంచల్ ఫోను నీళ్ల తొట్టిలో పడ్డాక, ఫోనున్నవాడూ ఆయన ఒక్కడే. ఈ ఎడారిలో తన ఫోనుకు మాట పోదు, అక్షరాలు మాత్రం వస్తాయి, అదీ ట్యాంకు ఎక్కితేనే అంటాడు. రోజూ మధ్యాహ్నం నీళ్ల ట్యాంకు నిచ్చెన ఎక్కుతాడు. దిగి వచ్చి లోకంలో జరిగినవి చదివి వినిపిస్తాడు. అందుకే మొదటి సంగటి ముద్ద ఆయనకే. కూలరుకు ఎదురుగా ఉన్న మంచమూ ఆయనదే.

ఆ రోజు ఆయన కంచం ముందు కూర్చోగానే సంజీవమ్మ అడిగేసింది.

"ఆమ్నెస్టీ ఇచ్చినారంట, నిజమేనా అన్నా?"

బాలసుబ్బయ్య కళ్లద్దాలు సర్దుకుని ఫోను మీద వేలు పెట్టాడు. ఇస్తాంబుల్లో భూకంపమట, వెయ్యి ఇళ్లు కూలాయట, మసీదులే వందకు పైగా పడిపోయాయట. సముద్రంలో ఓడలు తగలబెట్టుకున్నారట. ఇంగ్లండులో రాజు పోతే, పద్దెనిమిదేళ్లు నిండని కొడుకు కిరీటం పెట్టుకున్నాడట. పోయిన అన్న పెండ్లాన్నే కట్టుకున్నాడట.

"ఎంత కాలం మారినా రాజులిండ్లల్లో ఇంతేనప్పా" అన్నాడు పెంచల్.

మన వైపు కూడా కొత్తాయన గద్దెనెక్కాడని చదివి, బాలసుబ్బయ్య తలెత్తాడు.

"ఇన్ని రాసినోళ్లు, ఆమ్నెస్టీ ఇస్తే రాయరా సంజీవమ్మా? లేదు."

సంజీవమ్మ వంగి చూసింది. చదవడం రాకపోయినా తెలుగు అక్షరాలని తెలుస్తోంది. చీమల బారులా నిండుగా ఉన్నాయి. జుబేదా బీ నోరు ఏమైనా అంటుంది గానీ, రాసిన అక్షరం అబద్ధమాడుతుందా? ఆ సాయంత్రం ఇస్తాంబుల్ వాళ్ల కోసం దణ్ణం పెట్టుకుంది. ఓడల గొడవ విమానాల దాకా రానివ్వకు స్వామీ అని ఇంకో దణ్ణం పెట్టుకుంది.

వారం తర్వాత జుబేదా బీ మళ్లీ వచ్చింది. ఈసారి తానే బయల్దేరుతోంది. తన కాగితాలూ చెల్లనివే. శుక్రవారం దోసకాయల లారీలో డ్రైవరు వసీమ్ తీసుకుపోతాడు, నువ్వూ ఎక్కు అంది.

సంజీవమ్మ మళ్లీ అడిగింది. బాలసుబ్బయ్య మళ్లీ నిచ్చెన ఎక్కాడు. ఇస్తాంబుల్లో భూమి ఇంకా వణుకుతూనే ఉందట, ఇటలీలో ఏదో యుద్ధమట. ఆమ్నెస్టీ మాత్రం లేదు.

"అయినా నువ్వు పోతే నాకు సంగటి ఎవురు కెలుకుతారు?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

శుక్రవారం సంజీవమ్మ కంచె దాకా వెళ్లి, పోవాకు బీ, జైల్లో ఏస్తారని చేతులు పట్టుకుంది. జుబేదా బీ వినలేదు. జైల్లో ఏం పెడతారో ఏమోనని సంజీవమ్మే నాలుగు రొట్టెలు కట్టి ఇచ్చి, లారీ కనబడినంత దూరం ఏడ్చింది.

రెండు నెలలు పోయాయి. ఒక మధ్యాహ్నం, బాలసుబ్బయ్య కంచం ముందు కూర్చున్న వేళ, వసీమ్ లారీ దిగి రేకుల గదికి వచ్చాడు. రాయచోటి పిల్లవాడు, తెలుగు బాగా చదువుతాడు. సంజీవమ్మను చూసి ముందు ఆశ్చర్యపోయాడు. తర్వాత తన ఫోను నొక్కి జుబేదా బీ పంపిన మాట వినిపించాడు. వెనక కోళ్లు అరుస్తున్నాయి, ఎవరో పిల్లలు కొట్లాడుకుంటున్నారు. ఇల్లు చేరి నెల దాటింది, సంజీవమ్మ బయల్దేరిందా అని అడుగుతోంది.

"నిన్నటితో ఖలాస్ అక్కా, గడువు అయిపోయింది" అన్నాడు వసీమ్. "ఏల రాలేదు నువ్వు?"

సంజీవమ్మ బాలసుబ్బయ్య మంచం వైపు చెయ్యి చూపింది.

"ఫోన్లో లేదే అబ్బీ. దినామూ చదివించుకుంటానే ఉండానే."

మంచం మీదున్న ఫోను తీసుకుంది. చార్జింగ్ లేదు అంటూ బాలసుబ్బయ్య చెయ్యి చాచేలోగా అది వెలిగింది. వసీమ్ చేతిలో పెట్టింది.

"ఆమ్నెస్టీ లేదని రాసిండే కాడ చదువు నాయనా."

వసీమ్ రెండు వేళ్లతో అక్షరాలు పెద్దవి చేశాడు. కిందికి జరిపాడు, మళ్లీ పైకి జరిపాడు. బాలసుబ్బయ్య కంచంలోని ముద్ద వైపే చూస్తున్నాడు.

"దీంట్లో సిమ్మే లేదక్కా, ఇవి ఏదో కాలేజీ పుస్తకం పేజీలకు తీసిన ఫోటోలు, ఈ పేజీలోవన్నీ పదిహేనువందల తొమ్మిదో సంవత్సరంలో జరిగినవి."