నాలుగో బ్రాకెట్

"ఊళ్లో డబ్బున్నోళ్ల వంటిళ్లన్నిటికీ సింకులు బిగించావు. పెళ్లయ్యాక నా వంటింటికి రావడానికి పదకొండేళ్లు పట్టిందా మహానుభావా?" అని జుసెలియా దెప్పింది.

గ్రానైట్ బండ కిందికి దూరి పడుకున్న ఆమె మొగుడు అదెనిల్సన్ నవ్వబోయాడు. దగ్గొచ్చింది. కషుయేరు ఊళ్లోని రాతి కార్ఖానాలో ఇరవయ్యేళ్లు అతని చేత నీళ్లు చల్లకుండా రాయి కోయించారు. నీళ్లు చల్లితే పని నెమ్మదిస్తుందట. ఆ దుమ్మంతా ఇప్పుడతని ఊపిరితిత్తుల్లో ఉంది. నిన్న డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్లొచ్చి, "మామూలే" అన్నాడు.

సింకు అంచుకు గమ్ము పూసి బండకు అంటించాడు. దాని కింద ఇనప బ్రాకెట్లు బిగించడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

"వాళ్లకు గమ్మొక్కటే సరిపోయిందిగా. నాకెందుకింత మర్యాద?"

"బ్రాకెట్లు దండగనేవాడు మా యజమాని. గమ్ము ఎప్పటికైనా ఊడుద్ది. నీళ్లు నిండిన సింకు నీ కాళ్ల మీద పడుద్ది."

"ఊడితే మళ్లీ అంటిస్తావులే. నువ్వున్నావుగా."

బండ కింద నుంచి అతని చెయ్యి మాత్రం బయటికొచ్చింది.

"ఆ నాలుగోది ఇటియ్యి. అదే ఆఖరిది."

జుసెలియా బ్రాకెట్‌ను పిడికిట్లో గట్టిగా పట్టుకుంది.

"ఇవ్వను," అంది. "రేపు బిగిద్దువుగాని."