బుగ్గ వాపు

"ముందు నా చేతిలో చెయ్యెయ్యి. మాటిస్తేనే లోపలికొస్తా" అంది కమలాక్షి, డాక్టరు గది గుమ్మంలోనే ఆగిపోయి.

"మళ్ళా మొదలుపెట్నావా?" సిద్దప్ప చుట్టూ చూశాడు. మదనపల్లె ఆసుపత్రి వరండాలో బెంచీల నిండా జనం. "అందరూ సూస్తాండారు. పద."

"సూడనీ. నేను పొయినాక నారాయణమ్మను చేసుకుంటానని చెప్పు. పిలకాయలకు సొంత పిన్నమ్మయితే కడుపు చూసి అన్నం పెడ్తాది. యాడిదో వస్తే పెడ్తాదా?"

నారాయణమ్మ ఆమె చెల్లెలు. అక్కకు గొంతులోని థైరాయిడ్ గ్రంథికి క్యాన్సరని తేలినప్పటి నుంచి సోమలలోని అక్కగారింట్లోనే ఉండి ఆ ఇల్లు చూసుకుంటోంది.

సిద్దప్ప రెండు చేతులూ చంకల్లో దోపుకుని తల తిప్పేసుకున్నాడు. "అట్లాంటి మాటలు అనొద్దు."

బుగ్గ వాచినప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. అతను ఒక్కసారైనా మాటివ్వలేదు. ఇంకో మగవాడైతే ఈపాటికి ఎగిరి గంతేసి సరే అనేవాడు. అతని మొండితనానికి ఆమెకు ఏడుపొచ్చేది. లోలోపల కాస్త గర్వంగానూ ఉండేది.

"రామ్మా, ఏమైంది?" లోపల్నుంచి డాక్టర్ దేవసహాయం పిలిచాడు.

కమలాక్షి కూర్చోకుండానే మొదలుపెట్టింది. "ముద్ద నోట్లో పెడితే చాలు సార్, ఈ పక్క బుగ్గ కోడిగుడ్డంత లేస్తాది. నోరు ఎండిపోయి సంగటి గొంతు దిగదు. ఉప్పూ కారం తెలీదు. జబ్బు తిరగబెట్టిందని నాకు తెలుసు. దాయొద్దండి. ఇంకెన్నాళ్ళుంటాను?"

డాక్టరు ఆమె మెడంతా తడిమి చూశాడు. తర్వాత చెవి కింద వేళ్ళు ఆనించి, బుగ్గ మీదుగా ముందుకు గట్టిగా నొక్కుకుంటూ వచ్చాడు. లోపలేదో వదిలినట్టయింది. నోట్లోకి ఉప్పటి నీళ్ళు ఊరాయి. కమలాక్షి భయంగా బుగ్గ పట్టి చూసుకుంది. వాపు సగం దిగిపోయింది.

"ఇదేనమ్మా నీ జబ్బు" అని నవ్వాడు డాక్టరు. "రాయవేలూరు ఆసుపత్రిలో నిన్ను ఒంటరిగా గదిలో పెట్టి అయోడిన్ మందు తాపించారు గదా. అది క్యాన్సర్‌ను చంపుతుంది. పోతూ పోతూ ఉమ్మి ఊరే గ్రంథులకు కూడా సెగ తగిలిస్తుంది. ఉమ్మి వచ్చే దారి మూసుకుపోయి బుగ్గ వాచింది. మెడలో గడ్డల్లేవు. మొన్న అక్కడ తీసిన స్కాన్‌లోనూ ఏమీ లేదు. క్యాన్సర్ తిరిగి రాలేదు."

కమలాక్షి అప్పటికి కుర్చీలో కూర్చుంది.

"ఇంగోసారి బాగా సూడండి సార్." సిద్దప్ప ముందుకొచ్చాడు.

డాక్టరు మళ్ళీ తడిమాడు. "లేదప్పా."

"ఖాయంగానా సార్?"

"ఖాయంగా. అన్నానికి ముందు పుల్లటి బిళ్ళేదైనా చప్పరించమ్మా. నీళ్ళు బాగా తాగు. నేను నొక్కినట్టు నొక్కుకో. ఉమ్మి మునుపటంత ఊరదేమో గానీ, పిల్లల పెళ్ళిళ్ళు నీ చేత్తోనే చేస్తావు."

కమలాక్షి భోరుమంది. సిద్దప్ప గోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటిదారిన పుంగనూరు బస్సెక్కాక ఆమె నోరు మూతపడలేదు. నిమ్మ బిళ్ళ దవడన పెట్టుకుని, నోట్లో ఊరిన కాస్త తడికే మురిసిపోతూ, ఇంటికి పోయి ఏమేం చేయాలో ఏకరువు పెట్టింది. సిద్దప్పకు మాత్రం కుదురు లేదు. కిటికీలోంచి తల బయట పెట్టాడు, లోపలికి లాక్కున్నాడు. బీడీ ముట్టించి రెండు దమ్ములకే పారేశాడు.

"ఆయప్ప సరిగ్గా సూసినాడంటావా?" ఉన్నట్టుండి అడిగాడు.

పాపం, సంతోషాన్ని కూడా నమ్మలేకుండా ఉన్నాడనుకుంది. అతని చేతి మీద చెయ్యి వేసింది.

"ఇన్నాళ్ళూ నిన్ను కాల్చుక తిన్నాను. ఇంక ఆ మాట ఎత్తను. నారాయణమ్మను రామసముద్రమోళ్ళు అడిగినారు గదా, పిల్లోడు బంగారమంట. నా రోగంతో దాని పెండ్లి నిలిచిపోయింది. రేపే వాళ్ళకు కబురంపుదాం."

బస్సు పుంగనూరు స్టాండులోకి తిరిగింది. జనం మూటలందుకుని లేస్తున్నారు. సిద్దప్ప లేవలేదు.

"కబురంపొద్దు కమలా."

"యాల?"

"నిన్ను ఆ ఒంటి గదిలో పెట్టిన వారమే, బోయకొండ గుడికి పిల్చుకోని పోయి దానికి తాళి కట్టేసినా."